బొమ్మిడాయికి వేడి చేసింది

మా ఇంట్లో ఏ జబ్బుకైనా ఒకటే పేరు, వేడి. తలనొప్పి వస్తే వేడి, కళ్ళు ఎర్రబడితే వేడి, ముఖం మీద పొక్కు లేస్తే వేడి, మా ఆయన ఊరికే చిరాకు పడినా వేడే. మందు కూడా ఒకటే, చలవ. అంటే మజ్జిగ, పెరుగన్నం, కొబ్బరినీళ్ళు, పంచదార వేసిన సబ్జా నీళ్ళు. అందుకని కిందటేడు ఏప్రిల్‌లో మా కుక్క ముక్కులోంచి రక్తం కారినప్పుడు మా అత్త సంపూర్ణమ్మ పెద్దగా ఆలోచించలేదు.

"దీనికి వేడి చేసిందే లోవా," అంది.

నేను కూడా ఆలోచించలేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత నేనేదో తెలివైనదాన్ననుకుని మీరు మోసపోకూడదు కదా.

మాది కొవ్వూరు, గోదావరి గట్టు పక్కనే ఇల్లు. మా ఆయన త్రిమూర్తులు నావ మీద వేటకి వెళతాడు. ఆ చేపలు నేను మార్కెట్లో అమ్ముతాను. అత్త నాకు మేనత్త కూడా, కాబట్టి మా ఇద్దరికీ మాటల్లో మొహమాటం లేదు. ఇక బొమ్మిడాయి అంటే మా కుక్క. పిల్లప్పుడు నల్లగా, సన్నగా, పట్టుకోబోతే చేతుల్లోంచి జారిపోయేది. అందుకని మా ఆయన దానికి చేప పేరు పెట్టాడు.

దానికి రెండు ఉద్యోగాలు. తెల్లారేసరికి నావ కొసన నిలబడి వేటకి వెళ్ళడం ఒకటి. సాయంత్రం అత్తని రేవుదాకా నడిపించడం రెండోది. అత్తకి చాలా ఏళ్ళుగా అరికాళ్ళు మంటలు. అది కూడా వేడేనని ఆమె ఏనాడో తీర్మానించేసింది. పాదాలకి వెన్న రాసుకుంటూ, రోజూ మూడు గ్లాసుల సబ్జా నీళ్ళు తాగుతూ, నడవలేనంటూ అరుగు మీద కూర్చునేది. బొమ్మిడాయి వచ్చి కుచ్చెళ్ళు పట్టుకుని లాగేది. తిట్టుకుంటూ లేచేది. ఆ కాస్త నడకే ఆమెకి ఊరు, పలకరింపులు, అన్నీను.

ఆ ఏప్రిల్‌లో బొమ్మిడాయి ముందు నావ ఎక్కడం మానేసింది. తర్వాత తిండి మానేసింది. పంచలో మా మామగారి పాత వలల కుప్ప ఉంటుంది, దాని పడకే అది. అక్కడే ముడుచుకుని పడుకుంది. అత్త మజ్జిగ తాగించింది, తలకి తడిగుడ్డ వేసింది. మూడో రోజు ముక్కులోంచి రక్తం వచ్చింది.

మా ఆయన ఫోన్లో వెతికి ఏదో వీడియో పెట్టాడు. అందులో ఒక దొర తెల్ల కోటు వేసుకుని, కుక్క చెవి తిరగేసి చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు.

"గోమార్ల వల్ల వస్తుందంట అమ్మా. నెత్తురు తాగుతాయి చూడు, ఆ పురుగులే. ఈ జబ్బు పేరు లైమ్ అంట," అన్నాడు.

"లైమా? లైమ్ సోడాలో లైమేనా?"

"అలాగే వినపడుతోంది."

"మరింకేం. నిమ్మకాయ జబ్బన్నమాట. దిష్టి తగిలిందనే అక్కడివాళ్ళు వాళ్ళ భాషలో చెబుతున్నారు."

వెంటనే నిమ్మకాయ తెచ్చి, కుక్క చుట్టూ మూడుసార్లు తిప్పి, కోసి, చెరొక దిక్కుకి విసిరింది. మామూలుగా నిమ్మకాయ వాసన తగిలితే బొమ్మిడాయి వరసగా తుమ్ముతుంది. ఆ రోజు కళ్ళు కూడా తెరవలేదు. నాకు అప్పుడు భయం వేసింది.

చేపలు అమ్మేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. చేప ఎదురుగా పడితే చెయ్యి దానంతటదే మొప్ప ఎత్తి చూస్తుంది. మొప్ప ఎర్రగా ఉంటే తాజా, పాలిపోతే పాసిపోయినట్టు. నేను కుక్క పక్కన కూర్చుని, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా దాని పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి. ఐసులో నాలుగు రోజులు మగ్గిన చేపకి కూడా అంత తెలుపు ఉండదు.

"బావా, ఇది వేడి కాదు. బుల్లిరాజుని ఆటో తీసుకురమ్మను," అన్నాను.

బుల్లిరాజు మా వీధివాడే. చేపల ట్రేలో తడి గోనె పరిచి బొమ్మిడాయిని పడుకోబెట్టాం. నేను, అత్త, ట్రే, ముగ్గురం వంతెన దాటి రాజమండ్రిలో కుక్కల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అక్కడ చల్లటి గదిలో బొచ్చు కుక్కలు, వాటి పక్కన వాటంత శుభ్రమైన మనుషులు కూర్చుని ఉన్నారు. మేం లోపలికి అడుగుపెట్టగానే కుక్కలన్నీ ఒక్కసారి మా ట్రే వైపు తిరిగి ముక్కులెగరేశాయి. మనుషులు ముక్కులు మూసుకున్నారు. నేను అందరికంటే ముందు వరసలో కూర్చున్నాను.

"పెట్ నేమ్ చెప్పండి," అంది బల్ల దగ్గర అమ్మాయి.

"బొమ్మిడాయి."

"అది చేప కదండీ."

"పేరే చేపదండి. లోపలున్నది కుక్కే."

డాక్టరు శ్రీదుర్గ గారికి ముప్పై ఏళ్ళుంటాయేమో. తొందర లేని మనిషి. చెవులు తిరగేసింది, కాలివేళ్ళ సందులు విడదీసింది, శనగగింజల్లా ఉబ్బిన గోమార్లని చిన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని ఒక్కొక్కటే లాగి సీసాలో వేసింది. రక్తం తీసి మెషీన్‌లో పెట్టింది.

"రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లని ఉంటాయండి. రెండు లక్షలు ఉండాలి. దీనికి నలభై ఒక్క వేలే ఉన్నాయి. అందుకే ముక్కులోంచి కారుతోంది," అంది.

"లైమేనా అండి?" అడిగాను.

ఆమె నవ్వింది. "అది చలి దేశాల్లో ఎక్కువండి. ఇది మన దగ్గరి గోమార్లు మోసుకొచ్చే జ్వరం. ఎర్లీకియా అంటారు. ముందే తీసుకొచ్చుంటే తేలిగ్గా పోయేది. ఇప్పుడైనా తగ్గుతుంది. ఇరవై ఎనిమిది రోజులు రోజూ మాత్ర వెయ్యాలి. బాగుందనిపించినా ఆపకూడదు. పది రోజులకి మళ్ళీ చూపించండి. ఇంకొకటి, గోమారి కుక్క మీద ఉండేది కొన్నాళ్ళేనండి. మిగతా కాలమంతా గోడ పగుళ్ళలో, అది పడుకునే చోట దాక్కుంటుంది. అదంతా శుభ్రం చెయ్యాలి."

మాత్రల మాట శ్రద్ధగా విన్నాం. గోడల మాట వంతెన దాటేసరికి మరిచిపోయాం. ఇంటికొచ్చాక మా ఆయన వలల కుప్ప తీసేద్దామని ఒక్కసారి అన్నాడు.

"అది మీ నాన్న చేత్తో అల్లినది. ముట్టుకున్నావంటే చూడు," అంది అత్త. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మాత్ర వేసే పని అత్తదే. ఆ వేళకి నేను మార్కెట్లో ఉంటాను. రోజూ వచ్చి "వేశావా?" అని అడిగేదాన్ని. "వేశానే తల్లీ, నాకు మతిపోయిందనుకున్నావా," అనేది. నిజంగానే వేసింది, ఒక్క రోజు కూడా తప్పలేదు. కానీ కుక్క లేవలేదు. ఎనిమిదో రోజుకి పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. మా ఆయన వేట నుంచి వచ్చి, దాని పక్కన కూర్చుని, తల నిమిరి వెళ్ళిపోయేవాడు. అత్త సాయంత్రాలు రేవుకి వెళ్ళడం పూర్తిగా మానేసింది.

"అది లేచినరోజు నేనూ లేస్తాను," అంది.

పదో రోజు డాక్టరు గారు మెషీన్ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇరవై తొమ్మిది వేలకి పడిపోయాయండి. మందు పనిచేస్తే ఈపాటికి పెరగాలి." చెవిలోంచి ఒక కొత్త గోమారిని లాగి చూపించింది. "ఇవీ మళ్ళీ పట్టాయి. మాత్ర రోజూ వేస్తున్నారా?"

"ఒక్కరోజు కూడా తప్పలేదండి," అన్నాను.

"దేంట్లో పెట్టి వేస్తున్నారు?"

"చేపముక్కలోనండి," అన్నాను ధీమాగా. అత్త పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

డాక్టరు గారు ఆమె వైపు తిరిగింది. "మీరే కదమ్మా వేసేది?"

"పెరుగన్నంలోనండి," అంది అత్త. "మాత్ర వేడి కదండీ. అసలే దానికి వేడి చేసి ఉంది. పైన మజ్జిగ కూడా పోస్తున్నాను."

డాక్టరు గారు కోప్పడలేదు. కాగితం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరకి జరుపుకుంది.

"పెరుగులో కాల్షియం ఉంటుందమ్మా. అది ఈ మాత్రని పట్టేసుకుంటుంది. ఒంట్లోకి సరిగ్గా పోనివ్వదు. మీరు వేసిందాంట్లో దీనికి ఎంత అందిందో చెప్పలేం. పాలు, పెరుగు, మజ్జిగ, ఏదైనా మాత్రకి రెండు గంటలు ముందూ వెనకా వద్దు. చేపతో పెట్టండి, అన్నంతో పెట్టండి, తర్వాత నీళ్ళు తాగించండి."

"మరి వేడి?"

"దీనికి వేడి చెయ్యలేదమ్మా. జబ్బు చేసింది."

అత్త తల ఊపింది. ఇంకో వారంలో పెరగకపోతే వేరే కుక్క రక్తం ఎక్కించాలని, అప్పుడు కూడా మాట ఇవ్వలేనని డాక్టరు గారు నాతో విడిగా చెప్పింది.

నాకు కోపం వస్తే మార్కెట్టంతా వినపడుతుంది. ఆ రోజు ఆటోలో వంతెన పొడవునా కోపం గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే మా ఇంట్లో జ్వరం మాత్ర దగ్గర్నుంచి అన్నీ మజ్జిగతోనే మింగుతాం. నేను మింగుతాను, నా మొగుడు మింగుతాడు. ఆ పదిరోజులూ అత్త స్థానంలో నేనుంటే నేనూ పెరుగన్నమే కలిపేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని అత్తకీ తెలుసు. ఇద్దరం ట్రేలో కుక్క మీద చెరో చెయ్యి వేసుకుని కూర్చున్నాం.

ఇంటికొచ్చాక అత్త చేసిన మొదటి పని, పెరుగు గిన్నె తీసి అందనంత ఎత్తులో అటక మీద పెట్టడం. రెండో పని, పంచ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయడం.

"ఇదేంటి అత్తా?"

"ఒకటో రోజు," అంది. "పాతవి లెక్కలోకి రావు."

మర్నాటి నుంచి నేను మార్కెట్‌కి వెళ్ళేముందే అత్త చేప ఉడికించి, ముల్లు మిగలకుండా వలిచి, మాత్ర లోపల పెట్టి దాని నోట్లో వేసేది. గొంతు కిందికి నిమిరేది. మింగిందాకా చెయ్యి తీసేది కాదు. నోరు తెరిపించి నాలుక కింద కూడా వెతికేది. తర్వాత నీళ్ళు పట్టించి గోడ దగ్గరికి వెళ్ళేది.

మూడో గీత గీస్తూ ఆమె ఆగిపోయింది. గోడ మీద గోమారి ఒకటి నింపాదిగా పైకి పాకుతోంది. అది వెళ్ళి వలల కుప్ప వెనక పగుల్లో దూరింది. అత్త ఆ పగులు దగ్గర ఫోను లైటు వేయించి చూసింది. చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని వలల వైపు తిరిగి చాలాసేపు నిలబడింది.

"అమ్మా, వదిలెయ్, నేను మందు కొడతాలే," అన్నాడు మా ఆయన.

ఆమె వినిపించుకోలేదు. వల చివర పట్టుకుని తనే లాగడం మొదలుపెట్టింది. అరికాళ్ళ మంటలున్న మనిషి, ఆ బరువంతా ఈడ్చుకుంటూ గుమ్మం దాటించింది. మేమిద్దరం రెండోవైపు పట్టాం.

"ఆయనుంటే ముందు కుక్కని చూసేవాడు," అంది ఆయాసపడుతూ. "వలదేముంది, ఇంకోటి అల్లుకునేవాడు."

వలల మీద మరిగే నీళ్ళు పోశాం. మే నెల ఎండలో వారం రోజులు కాలే ఇసుక మీద పరిచాం. మా ఆయన గోడ పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్చాడు. డాక్టరు గారు రాసిచ్చిన మందు నీళ్ళల్లో కలిపి మూలమూలనా కొట్టాడు. గుడ్లు తర్వాత పగులుతాయట, అందుకని రెండు వారాలకి ఇంకోసారి కొట్టాడు. కుక్కకి కూడా నెలకోసారి నమిలే బిళ్ళ ఇచ్చారు, ఒంటి మీదికి పాకిన గోమారి నెత్తురు తాగితే చచ్చిపోయేలా. మొదటిసారి మందు కొట్టిన మర్నాడు పంచంతా సున్నం వేస్తూ మా ఆయన నవ్వుకోవడం మొదలుపెట్టాడు.

"ఏంట్రా?" అంది అత్త.

"లైమ్ అంటే సున్నం కూడానే అమ్మా. ఇందాకే ఫోన్లో చూశాను."

"ఆ దొర ముందే సున్నం వెయ్యమని చెప్పుంటే నిమ్మకాయ మిగిలేది కదా," అంది. రెండు వారాల్లో ఆమె నవ్వడం నేను అదే చూడటం. అన్నట్టు, గీతలున్న గోడకి మాత్రం సున్నం వెయ్యనివ్వలేదు.

ఆరో గీతనాడు మార్కెట్ నుంచి వచ్చేసరికి అత్త గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"లోవా, రా, దీని మొప్ప చూడు."

పెదవి ఎత్తాను. ఎరుపు కాదు. కానీ తెలుపు కూడా కాదు. ఇద్దరం మాట్లాడుకోలేదు, ఎక్కడ దిష్టి తగులుతుందోనని. ఎనిమిదో గీతనాడు డాక్టరు గారు రక్తం చూసి, అంకె కాస్త పెరిగిందని, ఇంక రక్తం ఎక్కించక్కర్లేదని చెప్పింది. తొమ్మిదో గీతకి అది తనంతట తాను లేచి కుండ దగ్గర నీళ్ళు తాగింది. పన్నెండో గీతకి నా చేపల బేసిను పక్కన కూర్చుని నా మొహం, బేసిన్లో జెల్ల చేపల మొహం మార్చి మార్చి చూసింది. మార్కెట్లో ఎవరో బేరమాడితే అడిగినదానికే ఇచ్చేసి పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చాను, నా జన్మలో మొదటిసారి.

ఇరవై ఎనిమిదో గీత అయ్యాక మళ్ళీ వంతెన దాటాం. ఈసారి ట్రే లేదు. బొమ్మిడాయి ఆటోలో నిలబడి, తల బయటపెట్టి, గోదావరినంతా తనే కాపలా కాస్తున్నట్టు మొరుగుతూ వచ్చింది. మెషీన్ కాగితం మీద రెండు లక్షల పదివేలు. డాక్టరు గారు ఆ కాగితం మా అత్త చేతికిచ్చింది.

"ఇది మీదేనమ్మా."

అత్త దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది.

ఆ తర్వాత మా వీధికి శాంతి లేకుండా పోయింది. బుల్లిరాజు కుక్క రెండు రోజులుగా తినడం లేదని తెలిసి అత్త వాళ్ళ గుమ్మంలో వాలింది.

"వేడి చేసిందండి పిన్నీ, మజ్జిగ పోశాం," అన్నాడు బుల్లిరాజు.

"పెదవి ఎత్తి చూశావా?"

"పెదవేంటండి?"

"ఆటో తియ్యి. మజ్జిగ నువ్వు తాగు."

ఆ కుక్క నాలుగో రోజుకే లేచి తిరిగింది, ముందే పట్టుకున్నారు కాబట్టి. దాంతో అత్తకి పట్టపగ్గాల్లేవు. డ్వాక్రా మీటింగులో లేచి, గోమారిని గోటితో నలపకూడదని, పట్టకారుతో తియ్యాలని, పగుళ్ళు పూడ్చాలని, ఒక్క ఇల్లు మానేసినా వీధంతటికీ మళ్ళీ వస్తాయని అరగంట చెప్పింది. జూన్‌లో ఒక ఆదివారం వీధి వీధంతా సిమెంటు, సున్నం, మందు. శ్రీదుర్గ గారు తనే వచ్చి వీధి కుక్కలకి కూడా బిళ్ళలు తినిపించింది. అత్త చేపముక్కలు అందించింది. ఒకావిడ పెరుగు ముంత తేబోతే వీధి వీధంతా ఒక్కసారి "వద్దు" అంది.

జూలైలో గోదావరికి కొత్త వరదతో ఎర్రనీరు వచ్చింది. ఒక తెల్లవారుజామున మా ఆయన నావ తోస్తుంటే బొమ్మిడాయి గట్టు మీద నుంచి ఒక్క దూకు దూకి కొసన నిలబడింది. తోక అటూ ఇటూ కొట్టుకుంటుంటే మా ఆయన మొహం తుడుచుకున్నాడు. నీళ్ళు చిందాయన్నాడు. నేను అడగకుండానే అన్నాడు.

సాయంత్రం అది వచ్చి అత్త కుచ్చెళ్ళు పట్టుకుని లాగింది. ఆమె లేచి రేవుదాకా నడిచింది. నేను వెనకే వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని పాదాలు చేత్తో పట్టుకుని, ఎర్రనీళ్ళ వైపు చూస్తూ అంది.

"లోవా, ఈ మంటలు వేడి కాదేమోనే."

నేను పక్కమెట్టు మీద కూర్చున్నాను.

"కుక్కకి రక్తం తీశారు. నాకు తియ్యరా ఏంటి?"

మర్నాడు మనుషుల డాక్టరు గణేష్‌బాబు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తంలో షుగరు మూడు వందల పైన ఉంది. చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందని, కాళ్ళ మంటలు అందుకేనని, ఇప్పటికైనా వచ్చారు కాబట్టి పాదాలు కాపాడుకోవచ్చని ఆయన చెప్పారు. పంచదార నీళ్ళు ఆ రోజే బందన్నారు. రోజుకి రెండు మాత్రలు రాసి చీటీ ఇవ్వబోయారు.

అత్త చీటీ అందుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"ఇవి దేంతో వేసుకోవాలండి? పెరుగుతో వేసుకోవచ్చా, కూడదా?"

డాక్టరు గారు తలెత్తి చూశారు. "ఈ మాత్రకి పర్వాలేదమ్మా. అన్నం తిన్నాక నీళ్ళతో వేసుకోండి చాలు. ఇలా అడిగేవాళ్ళు తక్కువండి, మంచి పని చేశారు."

"మా బొమ్మిడాయికి అడగలేదండి," అంది అత్త. "అందుకని అడుగుతున్నాను."

ఆయన అర్థంకాక నా వైపు చూశారు. నేను చెప్పబోయేలోపే గుమ్మం బయట నుంచి అది మొరిగింది, ఇంకెంతసేపన్నట్టు. అత్త చీటీ తీసుకుని, రెండు లక్షల పదివేల కాగితం పక్కనే జాకెట్లో పెట్టుకుని లేచింది.

"వస్తున్నానే," అంది. "నడుస్తాలే పద."